తలనొప్పి వెనక తెల్లమచ్చ!

పార్శ్వపు నొప్పి అని స్కానింగ్‌కి వెళ్తే మెదడులో తెల్లమచ్చలున్నాయంటారు. అవి మైగ్రేన్ మచ్చలా, మల్టిపుల్ స్క్లెరోసిస్ మచ్చలా? ఈ రెండు జబ్బులకీ చుట్టరికం ఉన్నమాట నిజమే. కానీ ఒకదాన్ని చూసి మరొకటనుకుంటే ఏళ్ల తరబడి అక్కర్లేని మందులు వాడాల్సి వస్తుంది. అవసరమైన మందు అందకుండానూ పోతుంది.

'తలనొప్పే కదా...' అని తీసిపారేయడం మనకు అలవాటు. శొంఠికొమ్ము అరగదీసి నుదుటికి పట్టు వేస్తారు. లేదంటే అమృతాంజనం. 1893లో కాశీనాథుని నాగేశ్వరరావు పంతులు బొంబాయిలో ఆ మందు తయారీ మొదలుపెట్టి, దానిమీద వచ్చిన డబ్బుతో ఏకంగా ఆంధ్రపత్రికనే నడిపారంటే తలనొప్పి ఎంతమందికి వస్తుందో వేరే చెప్పాలా! దానికీ తగ్గకపోతే మందులషాపులో ఓ మాత్ర. అప్పటికీ లొంగకపోతే ఇదివరకు కళ్ల డాక్టరు దగ్గరికెళ్లి అద్దాలు రాయించుకునేవారు. ఇప్పుడు నేరుగా ఎంఆర్‌ఐకే వెళ్తున్నారు. విజయవాడ సూర్యారావుపేటకో గుంటూరు కొత్తపేటకో వెళ్తే స్కానింగ్ సెంటరుకి కొదవేముంది? 'ఎందుకైనా మంచిది' అనుకుంటూ తీయించుకున్న ఆ స్కాన్‌తోనే కొందరికి అసలు తలనొప్పి మొదలవుతుంది.

రిపోర్టు ఇంగ్లిషులో ఉంటుంది. మెదడులోని తెల్లపదార్థంలో అక్కడక్కడా చిన్న మచ్చలున్నాయి, డీమైలినేషన్ అయ్యే అవకాశం ఉంది, రోగి లక్షణాలతో పోల్చి చూసుకోవాలి... ఇలా రెండు మూడు వాక్యాలు. డాక్టరుకి చూపించేలోపే ఇంట్లో చదువుకున్నవాళ్లెవరో ఆ మాటను ఇంటర్నెట్‌లో వెతుకుతారు. మల్టిపుల్ స్క్లెరోసిస్ అని వస్తుంది. పక్కనే చక్రాల కుర్చీ బొమ్మ. ఇంకేముంది... ఆ రాత్రి ఇంట్లో ఎవరికీ నిద్రుండదు.

నిజానికి ఆ రిపోర్టులో అబద్ధమేమీ లేదు. రేడియాలజిస్టు తనకు కనిపించింది రాశారు, అంతే. 'లక్షణాలతో పోల్చి చూసుకోవాలి' అన్న ముక్కే అందులో అన్నిటికన్నా ముఖ్యం. మనం చదవకుండా వదిలేసేదీ దాన్నే.

అసలేమిటీ ఎంఎస్?

బయటి శత్రువుల నుంచి మనల్ని కాపాడాల్సిన వ్యాధినిరోధక వ్యవస్థ దారితప్పి సొంత నాడులమీదే దాడిచేస్తే వచ్చే జబ్బు మల్టిపుల్ స్క్లెరోసిస్. మెదడులో, వెన్నుపాములో, కంటినరంలో ఉండే నాడీతంతువుల చుట్టూ మైలిన్ అనే కొవ్వుపొర ఉంటుంది, కరెంటు తీగకి ప్లాస్టిక్ తొడుగులా. అది దెబ్బతిన్నచోట సంకేతాల వేగం తగ్గుతుంది, ఒక్కోసారి ఆగిపోతుంది కూడా. కంటినరం మీద దాడి జరిగితే చూపు మసకబారుతుంది. వెన్నుపాములో అయితే కాళ్లు మొద్దుబారతాయి, మూత్రం మీద అదుపు తప్పుతుంది. చిన్నమెదడులో అయితే నడక తూలుతుంది. చాలామందిలో కొన్ని వారాలకు ఎంతో కొంత తగ్గిపోతుంది. హమ్మయ్య అనుకుంటారు. నెలలో ఏళ్లో గడిచాక మరోచోట మరో దాడి.

1868లో పారిస్‌లోని సాల్పెత్రియేర్ ఆస్పత్రిలో జీన్ మార్టిన్ షార్కో అనే వైద్యుడు దీన్ని ఒక ప్రత్యేకమైన జబ్బుగా గుర్తించి వివరించాడు. చనిపోయిన రోగుల మెదడును కోసి చూస్తే మచ్చలు మచ్చలుగా గట్టిపడి కనిపించిందట. ఆ మాటే దాని పేరైంది. ఎంఎస్ ఎక్కువగా 20 నుంచి 40 ఏళ్ల మధ్య బయటపడుతుంది. మగవాళ్లకన్నా ఆడవాళ్లలో రెట్టింపుకు పైనే. ప్రపంచం మొత్తమ్మీద సుమారు 29 లక్షలమందికి ఉందని 2023 నాటి అంచనా.

అది చలిదేశాల జబ్బు, మనకు రాదు అని ఒకప్పుడు మన డాక్టర్లూ అనుకునేవారు. లక్షమందిలో ఒకరికి ఉంటే గొప్పన్నది అప్పటి లెక్క. ఎంఆర్‌ఐ యంత్రాలు, న్యూరాలజిస్టులు పెరిగాక ఆ లెక్కా మారింది. మంగళూరులో చేసిన ఒక సర్వే లక్షకు సుమారు ఎనిమిది మంది అని తేల్చింది. రోగుల కోసం 1985లో ముంబయిలో మొదలైన మల్టిపుల్ స్క్లెరోసిస్ సొసైటీ ఆఫ్ ఇండియాకి హైదరాబాద్‌లోనూ శాఖ ఉంది. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం ఎంఎస్‌ను వైకల్యాల జాబితాలో చేర్చింది. అంటే... అరుదే కానీ, మనకు లేనిది కాదు.

ఇక మైగ్రేన్ సంగతి. బెంగళూరులోని నిమ్‌హాన్స్ వైద్యులు కర్ణాటకలో ఇంటింటికీ తిరిగి అడిగితే ఏడాదిలో కనీసం ఒక్కసారైనా మైగ్రేన్ వచ్చినవాళ్లు పెద్దల్లో పాతిక శాతం ఉన్నారు. లక్షమందిలో పాతికవేల మంది! ఈ రెండు అంకెల్నీ పక్కపక్కన పెట్టి చూడండి. ఒకపక్క పాతికవేలు, మరోపక్క ఎనిమిది. తలనొప్పితో వచ్చి స్కాన్‌లో మచ్చలు కనపడ్డ మనిషి ఏ గుంపులో ఉండే అవకాశం ఎక్కువో చెప్పడానికి న్యూరాలజీ చదవక్కర్లేదు.

చుట్టరికం ఉంది... కానీ దూరపుది

అలాగని రెండింటికీ సంబంధమే లేదనడానికి వీల్లేదు. 1969లోనే బ్రిటన్‌లో ఇద్దరు వైద్యులు వందమంది ఎంఎస్ రోగుల్ని అడిగి చూస్తే 27 మందికి మైగ్రేన్ ఉంది. ఎంఎస్ లేనివారిలో అది 12 శాతమే. ఆ తర్వాత అనేక దేశాల్లో జరిగిన పరిశీలనల్లోనూ ఇంచుమించు ఇదే ధోరణి కనిపించింది. ఎంఎస్ ఉన్నవాళ్లలో తలనొప్పి, అందులోనూ మైగ్రేన్, మిగతావాళ్లలో కన్నా ఎక్కువ.

మరి మైగ్రేన్ ఉన్నవాళ్లకి ఎంఎస్ వస్తుందా? అందరినీ భయపెట్టే ప్రశ్న ఇదే. దీనికి జవాబు అమెరికాలోని నర్సులు ఇచ్చారు. లక్షా 16 వేల మందికి పైగా నర్సుల ఆరోగ్యాన్ని ఏళ్ల తరబడి గమనిస్తూ వచ్చిన ఒక పెద్ద అధ్యయనం ఉంది. అందులోని వివరాలను ఎంఎస్ కోణంలో విశ్లేషించి 2012లో ప్రచురించారు. మైగ్రేన్ ఉన్నవారికి ఎంఎస్ వచ్చే అవకాశం 39 శాతం ఎక్కువని తేలింది.

39 శాతం! పెద్దక్షరాలతో హెడ్డింగు పెట్టడానికి బ్రహ్మాండంగా ఉంటుంది. కానీ కింది లెక్క కూడా చూడాలిగా. పదిహేనేళ్లలో మైగ్రేన్ ఉన్నవారిలో ఎంఎస్ వచ్చింది 0.47 శాతం మందికి. మైగ్రేన్ లేనివారిలో 0.32 శాతం మందికి. అంటే వెయ్యిమంది మైగ్రేన్ రోగుల్లో అయిదుగురికి లోపు, మైగ్రేన్ లేని వెయ్యిమందిలో ముగ్గురికి. మిగతా 995 మంది సంగతి ఏ హెడ్డింగులోనూ ఉండదు. పైగా ఎంఎస్ బాగా ఎక్కువగా ఉండే దేశపు లెక్క అది.

ఇంతకీ ఈ రెండూ ఎందుకు కలిసొస్తున్నాయి? ఒక కారణం తేలిగ్గానే అర్థమవుతుంది. రెండూ ఆడవాళ్లనే, అదీ నడివయసు లోపే ఎక్కువగా పట్టుకునే జబ్బులు. మరోటి మెదడు కాండానికి సంబంధించింది. నొప్పిని అదుపుచేసే కేంద్రాలు కొన్ని అక్కడుంటాయి. 2005లో వెలువడిన ఒక అధ్యయనంలో 277 మంది ఎంఎస్ రోగుల స్కాన్లను పరిశీలించారు. నడిమి మెదడులో ఆ కేంద్రాల దగ్గర మచ్చ ఉన్నవారిలో మైగ్రేన్ లాంటి తలనొప్పి వచ్చే అవకాశం దాదాపు నాలుగు రెట్లు ఉంది. అందరి విషయంలోనూ ఇదే కారణమనలేం. కొందరికి ఎంఎస్ బయటపడక ఎన్నో ఏళ్ల ముందే, చదువుకునే రోజుల్లోనే మైగ్రేన్ ఉంటుంది. చెట్టు ముందా విత్తు ముందా అన్న వాదన శాస్త్రవేత్తల్లో ఇంకా నడుస్తూనే ఉంది.

మందుల పాత్ర కూడా తక్కువేం కాదు. ఎంఎస్ దాడుల్ని తగ్గించడానికి 1993లో అమెరికాలో అనుమతి పొందిన తొలి మందు ఇంటర్‌ఫెరాన్ బీటా ఇంజెక్షన్. అది వేసుకున్న రోజు జ్వరం, ఒళ్లునొప్పులతోపాటు తలనొప్పి రావడం మామూలే. ఆ తర్వాత వచ్చిన ఫింగోలిమాడ్ మాత్రలతోనూ తలనొప్పి రావచ్చు.

కన్ను చెప్పే తేడా

డాక్టరు ముందు కూర్చున్నప్పుడు మనం చెప్పాల్సింది స్కాన్ కథ కాదు, మన కథ. ముఖ్యంగా గడియారం కథ. మైగ్రేన్‌కీ ఎంఎస్‌కీ అసలు తేడా కాలంలోనే ఉంది.

మైగ్రేన్ వచ్చే ముందు కొందరికి కళ్లముందు మెరుపులు, కోటగోడ అంచుల్లాంటి వంకరటింకర గీతలు కనిపిస్తాయి. చూస్తుండగానే ఆ వంకరగీత పెద్దదవుతూ పక్కకు జరుగుతుంది. కొందరికి వేళ్ల చివర మొదలైన తిమ్మిరి చెయ్యంతా పాకి మూతి దాకా వస్తుంది. మాట తడబడుతుంది. చూసేవాళ్లకి పక్షవాతమేమోనన్న కంగారు. ఇలాంటి ఒక్కో లక్షణం అయిదు నిమిషాల నుంచి గంటలోపు ఉండి, వచ్చిన దారినే పోతుంది. దీన్ని ఆరా అంటారు.

ఎంఎస్ దాడి అలా కాదు. గంటల్లోనో రోజుల్లోనో పెరుగుతుంది. రోజులు, వారాలు ఉంటుంది. జ్వరం లేనప్పుడు కనీసం 24 గంటలపాటు ఉంటేనే దాన్ని దాడిగా లెక్కిస్తారు వైద్యులు. చూపు తగ్గడమూ సాధారణంగా ఒక కంట్లోనే. కంటినరం వాచినప్పుడు పదిమందిలో తొమ్మిదిమందికి కన్ను అటూఇటూ తిప్పితే నొప్పి వస్తుంది. రంగులు వెలిసిపోతాయి, అందులోనూ ఎరుపు. ఒక కన్ను మూసి కుంకుమ భరిణెను చూస్తే ఎర్రగా ఉంటుంది, రెండో కన్ను మూసి చూస్తే వెలిసిన ఇటుకరంగులో కనిపిస్తుంది. కంటివెనక మొదలయ్యే ఆ నొప్పిని చాలామంది తలనొప్పి అనే చెబుతారు. అక్కడే పొరపాటు. 'ఏ కన్ను? కన్ను తిప్పితే నొప్పి పెరుగుతోందా?' అని డాక్టరు అడగాలి, అడగకపోతే మనమే చెప్పాలి.

ముఖం నొప్పిదీ ఇదే తంతు. పళ్లు తోముకుంటున్నా, గాలి తగిలినా చెంపమీద కరెంటు షాక్ కొట్టినట్టు క్షణాలపాటు వచ్చే భయంకరమైన నొప్పిని ట్రైజెమినల్ న్యూరాల్జియా అంటారు. పంటినొప్పి అనుకుని మంచి పళ్లు పీకించుకున్నవాళ్లూ ఉంటారు. ఇది మామూలుగా యాభై దాటినవాళ్లకి వచ్చే సమస్య. పాతికేళ్లకో ముప్పయ్యేళ్లకో వచ్చినా, రెండు చెంపల్లోనూ వచ్చినా వైద్యులు ఎంఎస్‌ను అనుమానిస్తారు. మెడ ముందుకు వంచగానే వెన్ను మీదుగా కాళ్లదాకా జిల్లుమని పాకడం కూడా అలాంటి గుర్తే.

మన ఎండాకాలం వచ్చిందంటే ఈ రెండు జబ్బుల మధ్యా మరింత గందరగోళం. మే నెలలో గడపదాటితే మైగ్రేన్ ఉన్నవాళ్లకి నొప్పి ఖాయం. ఒళ్లు వేడెక్కితే ఎంఎస్ ఉన్నవాళ్లకీ పాత లక్షణాలు తిరగబెడతాయి. చూపు మసకబారడం, కాళ్లు తేలిపోవడం... చల్లబడగానే సర్దుకుంటాయి. 1890లో జర్మన్ కంటివైద్యుడు విల్‌హెల్మ్ ఉథాఫ్ దీన్ని గమనించాడు. ఎంఆర్‌ఐ లేని రోజుల్లో రోగిని వేడినీళ్ల తొట్టెలో కూర్చోబెట్టి ఈ జబ్బుందో లేదో పరీక్షించేవారంటే నమ్ముతారా!

మరో చిన్న మెలిక. మైగ్రేన్ తరచూ రాకుండా ఇచ్చే మందుల్లో టోపిరమేట్ ఒకటి. దానివల్ల కాళ్లూ చేతుల్లో చీమలు పాకినట్టుండటం చాలా మామూలు. ఆ మందు వాడుతున్న సంగతి చెప్పకుండా 'తలనొప్పి, తిమ్మిర్లు' అని ఇంకో డాక్టరు దగ్గరికి వెళ్తే ఎంఆర్‌ఐ రాయక ఏంచేస్తారు?

మచ్చల్లో మర్మం

మచ్చలన్నీ తెల్లగానే ఉంటాయి. కానీ అన్నీ ఒక్కటి కావు. మైగ్రేన్ రోగుల్లో కనిపించేవి సాధారణంగా చిన్నగా, చుక్కల్లా, మెదడు తెల్లపదార్థం లోపల చెదురుమదురుగా ఉంటాయి. బీపీ, షుగరు, పొగతాగే అలవాటు ఉన్నవాళ్లలోనూ, వయసు పైబడినవాళ్లలోనూ ఇలాంటివి ఉంటాయి. చాలామందికి వీటివల్ల ఏ ఇబ్బందీ ఉండదు.

ఎంఎస్ మచ్చలకు కొన్ని ఇష్టమైన చోట్లున్నాయి. మెదడులో నీరుండే గదుల అంచులు, రెండు అర్ధభాగాల్నీ కలిపే వంతెన, మెదడు కాండం, చిన్నమెదడు, వెన్నుపాము. గదుల అంచున అవి కోలగా, చేతివేళ్లు చాచినట్టు నిలువుగా ఉంటాయి. 1916లో ఎడిన్‌బరోలో మైక్రోస్కోపు కింద వీటిని వివరించిన జేమ్స్ డాసన్ పేరు మీదే వాటిని 'డాసన్ వేళ్లు' అంటారు. మైగ్రేన్ వెన్నుపాములో మచ్చలు పెట్టదు. అందుకే అనుమానం ఉన్నప్పుడు న్యూరాలజిస్టు మెడ, వెన్ను కూడా స్కాన్ చేయించమంటే డబ్బులు గుంజడానికే అనుకోనక్కర్లేదు. చాలాసార్లు చిక్కుముడి విడిపోయేది అక్కడే. వెన్నునుంచి నీరు తీసి చేసే పరీక్ష కూడా అలాంటిదే.

ఎంఎస్‌ను నిర్ధారించడానికి 2001లో ఇయాన్ మెక్‌డొనాల్డ్ నాయకత్వంలో అంతర్జాతీయ నిపుణులు కొన్ని ప్రమాణాలు రూపొందించారు. వాటిని చాలాసార్లు సవరించారు. 2024 నాటి తాజా సవరణలో ఓ ఆసక్తికరమైన అంశం చేరింది. ఎంఎస్ మచ్చ సన్నని సిర చుట్టూ పుడుతుంది. ప్రత్యేక పద్ధతిలో స్కాన్ తీస్తే తెల్లమచ్చ నడుమ నల్లటి గీతలా ఆ సిర కనిపిస్తుంది. మైగ్రేన్ మచ్చల్లో ఇలాంటివి చాలా తక్కువ. అయితే ఇలా చూసే ఏర్పాటు ప్రతి ఊళ్లోని స్కానింగ్ సెంటర్లోనూ ఉండదు.

ఇంకో సంగతి. ఆ ప్రమాణాలు ప్రధానంగా ఎంఎస్ లక్షణాలు కచ్చితంగా కనిపించిన మనిషి కోసం రాసినవి. ఉత్త తలనొప్పితో వచ్చినవాళ్ల స్కాన్ మీద వాటిని ప్రయోగిస్తే తప్పుడు జవాబు రావడంలో వింతేముంది?

పొరపాటు ఖరీదు

ఇదంతా ఊహ కాదు. అమెరికాలో లాస్ ఏంజెలిస్‌లోని రెండు పెద్ద వైద్యకేంద్రాలకు అప్పటికే ఎంఎస్ అని ముద్రపడి వచ్చిన 241 మందిని నిపుణులు మళ్లీ పరీక్షించారు. 43 మందికి అసలు ఎంఎస్ లేదు! అంటే దాదాపు అయిదోవంతు. వాళ్లకు నిజంగా ఉన్న జబ్బుల్లో మొదటిస్థానం మైగ్రేన్‌దే. 2019లో ఈ వివరాలు వెలువడ్డాయి. అంతకు మూడేళ్లముందు అక్కడి నాలుగు వైద్యసంస్థలు కలిసి, ఎంఎస్ అని పొరబడిన 110 మంది వివరాల్ని పరిశీలించాయి. అక్కడా మైగ్రేనే ముందుంది. ఆ 110 మందిలో 70 శాతం మంది ఎంఎస్ మందులు వాడేశారు. మూడోవంతు మంది పదేళ్లు, అంతకుమించి ఆ ముద్రతోనే బతికారు.

పదేళ్లంటే ఇరవై అయిదేళ్ల అమ్మాయికి ముప్పై అయిదొస్తాయి. మనదగ్గరైతే ఆ పదేళ్లలో ఏమేం జరగొచ్చో వేరే చెప్పాలా? పెళ్లి సంబంధం తప్పిపోవచ్చు. పిల్లల్ని కనడం వాయిదా పడొచ్చు. ఖరీదైన ఇంజెక్షన్లకి అప్పులు చేయొచ్చు. కొన్ని ఎంఎస్ మందులు రోగనిరోధకశక్తిని అణిచేస్తాయి. నటాలిజుమాబ్ వంటివాటితో అరుదుగానైనా ప్రాణాంతకమైన మెదడు ఇన్‌ఫెక్షన్ ముప్పుంది. ఎంఎస్ నిజంగా ఉన్నవాళ్లకి ఆ ముప్పుని భరించడంలో అర్థముంది. తలనొప్పి తప్ప ఏమీలేని మనిషికి ఎందుకు? మైగ్రేన్ మనిషికి ఎంఎస్ అని చెప్పి ఇంటర్‌ఫెరాన్ ఇస్తే దాంతో తలనొప్పి ఇంకాస్త పెరిగే అవకాశమూ ఉందాయె!

రెండోవైపు జరిగే అన్యాయం కూడా చిన్నది కాదు. నిజంగా ఎంఎస్ ఉన్న అమ్మాయిని 'నరాల బలహీనత' అనో 'టెన్షన్' అనో బి12 ఇంజెక్షన్లతో నెట్టుకొచ్చే ఊళ్లు మనకు చాలానే ఉన్నాయి. నాడులు దెబ్బతినకముందే మందు మొదలుపెడితే వైకల్యాన్ని చాలావరకు వాయిదా వేయొచ్చు. ఆ సమయం కాస్తా అలా కరిగిపోతుంది. ఇక ఎంఎస్ అని తేలినవాళ్లు తలనొప్పి అంటే 'ఆ జబ్బు వల్లేలెండి' అని దాటేయడమూ ఉంది. అది సరికాదు. వాళ్లకీ మైగ్రేన్‌కి విడిగా చికిత్స చేయాలి, చేయొచ్చు. పైగా తలనొప్పి తీరు కొత్తగా మారితే మళ్లీ ఆలోచించాలి. ఎంఎస్‌ను పోలిన ఎన్ఎంఓ, మోగాడ్ అనే జబ్బులున్నాయి. మోగాడ్‌లో తీవ్రమైన తలనొప్పితో మొదలై చూపు తగ్గడం తరచూ కనిపిస్తుంది. ఎన్ఎంఓకి కొన్ని ఎంఎస్ మందులు ఇస్తే జబ్బు ముదురుతుంది. ఈ రెండింటినీ పట్టిచ్చే రక్తపరీక్షలున్నాయి. వాటిని చేయించారా అని అడగడానికి మొహమాటపడనక్కర్లేదు.

మాత్రల మాటా చెప్పుకోవాలి. మామూలు నొప్పిమాత్రలైనా సరే నెలకు పదిహేను రోజులు, అంతకుమించి, మూడు నెలలకు పైగా మింగుతుంటే ఆ మాత్రలే తలనొప్పి తెచ్చిపెడతాయి. ట్రిప్టాన్లు, రెండు మూడు మందులు కలిపిన మాత్రల విషయంలో నెలకు పది రోజులే హద్దు. ఎంఎస్ ఉన్నవాళ్లకీ, లేనివాళ్లకీ ఇది వర్తిస్తుంది.

ఉన్నట్టుండి జీవితంలో ఎన్నడూ రానంత తీవ్రంగా వచ్చే తలనొప్పి, జ్వరంతోనో ఫిట్స్‌తోనో వచ్చేది, యాభై దాటాక కొత్తగా మొదలైంది, చూపు పోవడమో కాలూచెయ్యీ పడిపోవడమో తోడైంది... ఇలాంటప్పుడు మాత్రం ఆలోచించకుండా ఆస్పత్రికి పరుగెత్తాల్సిందే. అక్కడ స్కాన్ అవసరమా అన్న ప్రశ్నే లేదు.

మిగతావాళ్లు స్కానింగ్ సెంటరుకన్నా ముందు న్యూరాలజిస్టు దగ్గరికి వెళ్లడం మేలు. వెళ్లేముందు ఓ నెలరోజులపాటు నోటుపుస్తకంలో రాసి పెట్టుకోండి. నొప్పి ఎప్పుడు మొదలైంది, ఎంతసేపుంది, ఏ వైపు, వాంతి అయిందా, వెలుతురు చూడలేకపోయారా, ఏ మాత్ర ఎన్ని వేసుకున్నారు, ఎప్పుడైనా ఒక కన్ను గానీ కాలు గానీ రోజుకు మించి ఇబ్బంది పెట్టిందా... ఇవే. అప్పటికే స్కాన్ తీయించుకుని ఉంటే రిపోర్టు కాగితం ఒక్కటే పట్టుకెళ్తే సరిపోదు. ఫిలిమ్‌లు, సీడీ కూడా తీసుకెళ్లండి. మచ్చ ఎక్కడుందో, ఏ ఆకారంలో ఉందో న్యూరాలజిస్టు స్వయంగా చూడాలి. అనుమానం తీరకపోతే కొన్ని నెలలు ఆగి మళ్లీ తీయిద్దామంటారు. ఎంఎస్ అయితే కొత్త మచ్చలు రావచ్చు. మైగ్రేన్ మచ్చలు చాలావరకు అలాగే ఉంటాయి. ఆ పాత సీడీని మాత్రం పారేయకండి. కొత్త స్కాన్ పక్కన పెట్టి పోల్చడానికి కావాల్సింది అదే.